కత్తెర తెచ్చే ఋతువులు

ఫ్రాన్స్‌లో ద్రాక్ష తీగ చలికాలమంతా ఆకు రాల్చి మోడై నిద్రపోతుంది. మహారాష్ట్రలోని నాసిక్‌లో దానికా భాగ్యం లేదు. తీగను నిద్రపుచ్చేంత చలి అక్కడ పడదు; వదిలేస్తే ఏడాదంతా చిగురిస్తూనే ఉంటుంది. కాబట్టి ఋతువును రైతే కత్తెరతో తేవాలి. వైన్ గొప్పదనమంతా పీపాల్లో ఉందనుకుంటాం గానీ, నన్నడిగితే సగానికి పైగా రెండు కత్తిరింపుల్లోనే తేలిపోతుంది.

మొదటిది ఏప్రిల్‌లో. కాపు అయిపోయిన కొమ్మలను ఒకటి రెండు కళ్లు, అంటే మొగ్గలు, మిగిల్చి కోసేస్తారు. ఇది పండు కోసం కాదు, కొమ్మ కోసం. మండుటెండల్లో లేచిన కొత్త కొమ్మల మొగ్గల లోపల, కత్తిరించిన సుమారు 40 నుంచి 60 రోజుల మధ్య, వచ్చే కాపు గుత్తి రూపు కడుతుంది. అప్పుడు మొగ్గకు వెలుతురు తగలాలి. అందుకే గుబురైన చోట కొమ్మలు తీసేస్తారు, నీరూ నత్రజనీ బిగబడతారు; అవి ఎక్కువైతే తీగ గుత్తిని మరిచి ఆకులు పెంచుతుంది. ఆ తర్వాత వానలు. వానల్లో కాసిన పండు కుళ్లుకూ బూజు తెగులుకూ పోతుంది కాబట్టి, ఆ నెలలు ఆకులతోనే గడిపిస్తారు.

సెప్టెంబరు, అక్టోబరుల్లో రెండో కత్తిరింపు. గుత్తి ఎన్నో కంటిలో దాగిందో తెలియకుండా కోస్తే ఏడాది కష్టం కత్తెర కింద పడిపోతుంది. అందుకే కొందరు ముందుగా మొగ్గలను చీల్చి సూక్ష్మదర్శినిలో చూపించుకుంటారు. కోశాక మిగిలిన కళ్లకు హైడ్రోజన్ సైనమైడ్ పూస్తారు. చలి చేయాల్సిన పని ఆ మందు చేస్తుంది, కళ్లన్నీ ఒకేసారి విచ్చుకుంటాయి. విషపు మందు, చేతులకు తొడుగులు లేనిదే ముట్టకూడదు.

హైదరాబాద్ చుట్టుపక్కల పందిళ్ల మీద అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష వేలాడిన రోజులు ఎరిగినవారికి నాసిక్ వైన్ తోట బోసిగా కనిపించవచ్చు. తినే ద్రాక్షకు పండు లావెక్కాలి, దానికి జిబ్బరెల్లిక్ ఆమ్లం వాడతారు. వైన్‌కు చిన్న పండే ముద్దు. రంగు ముఖ్యంగా తొక్కలో ఉంటుంది, వగరూ కొంత అక్కడి నుంచే వస్తుంది. పండు చిన్నదైతే రసంతో పోలిస్తే తొక్క ఎక్కువ. షిరాజ్ లాంటి వైన్ రకాల కొమ్మలను నిలువుగా నిలిపి ఇనుప తీగలకు కట్టి, గుత్తుల దగ్గర ఆకులు తుంచి గాలి ఆడనిస్తారు. తీగ మీద కాపు ఎక్కువైతే కొన్ని గుత్తులు పచ్చిగానే కోసి పారేస్తారు. కిలోల లెక్కన బతికే రైతుకు ఇదే అన్నిటికన్నా కష్టమైన పని అనిపిస్తుంది.

కాపు జనవరి నుంచి మార్చి దాకా. పగటి వెచ్చదనం తీపిని పెంచుతుంది, రాత్రి చల్లదనం పులుపును నిలుపుతుంది. చక్కెర 22–24 బ్రిక్స్‌కు వచ్చిందా అని పరికరంతో చూస్తారు, అది చాలదన్నట్టు విత్తనం కొరికి కూడా చూస్తారు: పచ్చగా చేదుగా ఉంటే ఆగాలి, గోధుమరంగు తిరిగి కరకరలాడితే కోయాలి. ఎండ ముదరక ముందే, తెల్లవారుజామునే కోస్తారు. వేడెక్కిన పండు బుట్టలోనే పులియడం మొదలెట్టవచ్చు.