ఫ్యూజు కాపాడునది దేనిని?

విశాఖపట్నమునుండి శ్రీకాకుళము వైపు పోవు జాతీయ రహదారి మధురవాడ మీదుగా సాగును. నగరము ఈ దిక్కుగా విస్తరించినకొలది ఇచట కార్లును పెరిగినవి. కారు కొన్నవారు అంతటితో ఊరకుండరు. అదనపు దీపములు, పెద్ద హారను, పాటలకు యాంప్లిఫయరు, దారిని చిత్రించు కెమెరా, ఇట్టివెన్నో తగిలింపించుకొందురు. ఇవి అమర్చు పనివాని చేతినేర్పును తక్కువ చేయరాదు. డాష్‌బోర్డును విప్పి, గీత పడకుండ మరల బిగించుట తేలికైన పని కాదు. కాని "ఈ కొత్త తీగకు ఫ్యూజు ఎక్కడ?" అని అడిగినచో, "పన్నెండు వోల్టులే కదండీ, షాకు కొట్టదు" అను సమాధానము వినవచ్చును.

దీనికి నవ్వుటకు ముందు తరగతి గదిలో చెప్పు పాఠమును పరిశీలించుట మంచిది. "ఫ్యూజు అనగా తక్కువ ఉష్ణోగ్రతకే కరగు తీగ, ప్రవాహము హెచ్చినపుడు అది కరగి ఉపకరణములను కాపాడును." పరీక్షలో ఈ వాక్యమునకు మార్కులు వచ్చును. కాని కారువద్దకు వచ్చుసరికి ఇందలి లోపములు బయటపడును.

మొదటి లోపము: పాఠములోని ఉదాహరణములన్నియు ఇంటి 230 వోల్టులకు చెందినవే. అందుచేత ప్రమాదమనగా షాకు మాత్రమే యను భావము విద్యార్థి మనస్సులో నాటుకొనును. 100 వాట్ల దీపములు రెండింటిని తీసికొందము. ఇంటిలో అవి 0.87 ఆంపియర్ల ప్రవాహమును మాత్రమే తీసికొనును. అదే 200 వాట్లను 12 వోల్టుల బ్యాటరీనుండి పొందుటకు 16.7 ఆంపియర్లు కావలెను. తీగలో పుట్టు వేడి ప్రవాహపు వర్గమునకు అనులోమముగా నుండును. కనుక ఒకే తీగలో ఈ వేడి సుమారు 367 రెట్లగును. వోల్టులు తక్కువ యగుటచే షాకు తగలకపోవచ్చును. కాని అదే సామర్థ్యమునకు ఆంపియర్లు పెరుగును, నిప్పు పుట్టించునవి అవియే.

రెండవ లోపము "ఉపకరణములను కాపాడును" అను మాటలో నున్నది. ఫ్యూజు ముఖ్యముగా కాపాడునది తీగను. అర చదరపు మిల్లీమీటరు మధ్యచ్ఛేద వైశాల్యము గల 4 మీటర్ల రాగి తీగ నిరోధము 0.136 ఓములు. ఈ తీగ దీపమును చేరుచోట, పైనున్న ప్లాస్టిక్కు తొడుగు ఒరసికొని కారు ఇనుప శరీరమునకు తగిలినదనుకొందము. బ్యాటరీ అంతర్నిరోధము 0.01 ఓము చొప్పున లెక్కించినచో ప్రవాహము 82 ఆంపియర్లు, పుట్టు వేడి సుమారు 900 వాట్లు. ఇది ఒక ఇస్త్రీ పెట్టె వేడికి దాదాపు సమానము. ఆ వేడి మొదటి సెకనులోనే తీగ ఉష్ణోగ్రతను దాదాపు నూరు డిగ్రీలు పెంచగలదు. ఇచట దీపమునకు ఏ హానియు లేదు, అంటుకొనునది తీగ తొడుగు, దాని ప్రక్కనున్న సామగ్రి.

ఈ సంగతి తెలిసినచో ఫ్యూజు ఎక్కడ నుండవలెనో దానంతట అదియే తేలును. దీపమువద్ద ఫ్యూజు పెట్టి, బ్యాటరీనుండి అంతవరకు తీగను రక్షణ లేకుండ విడిచినచో ప్రయోజనము లేదు. బ్యాటరీ ధనధ్రువమునకు జానెడు దూరములోనే ఫ్యూజు ఉండవలెను. దాని ఆంపియర్లు తీగ భరించగల ప్రవాహమును మించరాదు. పై దీపములకు 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ, 20 ఆంపియర్ల ఫ్యూజు తగును. స్విచ్చి ద్వారా కొద్ది ప్రవాహమే పోవునట్లు రిలేను అమర్చవలెను.

మూడవ లోపము ద్రవీభవన స్థానమును గూర్చినది. ఇండ్లలో వాడు ఫ్యూజు తీగ పలుచోట్ల కళాయి పూసిన రాగియే. రాగి 1085 డిగ్రీలకు గాని కరగదు. కారులోని రెక్క ఫ్యూజులు సాధారణముగా జింకుతో చేయబడును, జింకు 420 డిగ్రీలకు కరగును. లోహ మేదియైనను, అది మిగిలిన తీగకంటె ముందుగా వేడెక్కునట్లు సన్నగా నుండుట అవసరము. పైగా, ఈ ఫ్యూజులలో 10 ఆంపియర్లది ఎరుపు, 20 పసుపు, 30 ఆకుపచ్చ. పరిమాణ మొక్కటే యగుటచే ఏ గూటిలోనైన ఏదైన పట్టును. హెడ్‌లైటు తీగను కోసి కొత్త దీపములను కలిపినపుడు ఫ్యూజు పోవును. వెంటనే ఎరుపు తీసి ఆకుపచ్చ పెట్టుదురు. దీపములు వెలుగును. కాని తీగ మునుపటిదే గదా!

ఇంతకును ఫ్యూజు సర్వరక్షకము కాదు. తీగలను మెలివేసి టేపు చుట్టిన అతుకునకు సముద్రపు ఉప్పుగాలి తగిలి చిలుము పట్టినదనుకొందము. అచట 0.1 ఓము నిరోధము ఏర్పడినచో, 10 ఆంపియర్ల ప్రవాహమునకు ఆ ఒక్కచోటనే 10 వాట్ల వేడి పుట్టును. ప్రవాహము హద్దు దాటలేదు గనుక ఫ్యూజు కదలదు. అతుకులను గట్టిగా నొక్కి బిగించి, తడి చేరకుండ కప్పుటయే దీనికి మందు. అట్లే, కారు ఆపినను 0.3 ఆంపియరు తీసికొను కెమెరా 35 ఆంపియర్-గంటల బ్యాటరీని అయిదు రోజులలో ఖాళీ చేయును. ఫ్యూజు దీనిని ఆపలేదు. ప్రమాదమున తెరుచుకొను గాలిసంచుల తీగలను మాత్రము ఏ కారణముచేతను తాకరాదు.

ఇందు పదవ తరగతి విద్యార్థికి అందని సూత్రమేదియు లేదు. ఓము నియమము, జౌలు నియమము చాలును. పనివాడు కూడ ఒకనాడు ఆ బల్లపై కూర్చున్నవాడే. కనుక "ఫ్యూజును నిర్వచింపుము" అను ప్రశ్నకు బదులుగా బ్యాటరీ, 4 మీటర్ల తీగ, రెండు దీపములు గీచి, "ఫ్యూజును ఎక్కడ, ఎన్ని ఆంపియర్లది పెట్టుదువు? ఎందుచేత?" అని అడిగినచో ఆ పాఠము బడి గడప దాటి రహదారివరకు పోగలదు.