ఒడ్డూ పొడుగూ ఉన్న కుర్రాడికి అడ్డుకునే విద్య

పద్దెనిమిదేళ్లకే ఆరడుగులు దాటిన కుర్రాడు ఐస్ హాకీ రింక్‌లోకి దిగాడంటే కెనడాలో అందరి కళ్లూ అతని మీదే ఉంటాయి. గోల్స్ కొడుతున్నంత కాలం అడిగేవారుండరు. ఆ గోల్స్ కాస్త తగ్గాయా, ‘ఇతన్ని డిఫెన్సివ్ ఫార్వర్డ్‌గా మార్చేద్దాం’ అన్న మాట వినిపిస్తుంది. ముందు వరుసలో ఆడుతూనే ఎదుటి జట్టు మేటి ఆటగాళ్లకు ఊపిరాడకుండా చేయడం ఆ స్థానంలో ఉన్నవాడి పని. ఇంత బరువైన బాధ్యతను దాడి చేతకానివాడికి మిగిలిన పనిలా అప్పగించడం సరికాదు. గోల్స్ తేగలిగిన కుర్రాడికి కూడా తొలి ఏళ్లలోనే, దాడితో పాటే నేర్పవలసిన విద్య ఇది. దాన్ని అలా గౌరవించిన జట్లు ఏం సాధించాయో చరిత్రలో ఉంది.

మాంట్రియల్ కెనడియన్స్ జట్టు, కొత్త కుర్రాళ్లను ఎంచుకునే 1973 డ్రాఫ్ట్‌లో ఎనిమిదో ఎంపికగా బాబ్ గేనీని తీసుకుంది. తొలి సీజన్‌లో అతను కొట్టిన గోల్స్ మూడే. అయినా జట్టు అతన్ని వదులుకోలేదు. గీ లఫ్లూర్ వంటివారు గోల్స్ వర్షం కురిపిస్తుంటే, ఎదుటి జట్టులోని లఫ్లూర్‌లను ఆపే భారం గేనీ మోశాడు. 1976 నుంచి 1979 దాకా, లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ వరసగా నాలుగుసార్లు మాంట్రియల్‌కే దక్కింది. ఉత్తమ డిఫెన్సివ్ ఫార్వర్డ్‌కిచ్చే సెల్కీ ట్రోఫీని 1978లో మొదలుపెడితే తొలి నాలుగేళ్లూ అతనే గెలిచాడు. 1979 ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడి బహుమతి కూడా అతనిదే. ఆ తర్వాత వచ్చిన గీ కార్బనో కథ నా వాదానికి ఇంకా దగ్గరిది. జూనియర్ హాకీలో 1979–80 సీజన్‌లో గోల్స్, అసిస్టులు కలిపి 182 పాయింట్లు సాధించిన కుర్రాడతను. అతన్ని ‘దాడి చేతకానివాడు’ అనడానికి ఎవరికీ నోరు రాదు. మాంట్రియల్‌లో అతనే గేనీ బాధ్యతను అందుకుని సెల్కీని మూడుసార్లు గెలిచాడు.

ఇక నేర్పే తీరు. పొడుగు వరమని అనుకుంటాం కానీ, ఎదిగే వయసులో అదే అడ్డం వస్తుంది. పొడుగు కాళ్లవాడు నిటారుగా నిలబడి స్కేట్ చేస్తాడు, కదలగానే వేసే మొదటి రెండు మూడు అడుగుల్లోనే వెనకబడతాడు. అందుకే ముందు మోకాళ్లు వంచడం, చుట్టు తిరిగి రాకుండా పక్ (ఈ ఆటలో బంతికి బదులు వాడే బిళ్ల) దగ్గరే గట్టిగా ఆగి వెనక్కి మళ్లడం నేర్పాలి. తర్వాతది కోణం. పక్ తెస్తున్నవాడి మీదికి తిన్నగా దూసుకుపోతే అతను ఒక్క మెలికతో తప్పించుకుంటాడు. రింక్ మధ్య వైపు నుంచి వంపుగా వస్తూ, అతనికి రింక్ చుట్టూ గోడలా ఉండే బోర్డుల వైపు దారి మాత్రమే మిగల్చాలి. కబడ్డీలో మంచి డిఫెండర్లు రైడర్ మీదికి తొందరపడి దూకకుండా, అతను మధ్య గీత వైపు తిరిగే దారిని ముందు మూసేసినట్టు. ఇది ఒంటికి పట్టడానికి కోచ్‌లు స్టిక్‌ను తలకిందులుగా పట్టించి ఆడిస్తారు. పక్‌ను లాక్కునే బ్లేడ్ పైన ఉండిపోతుంది కాబట్టి కాళ్లతో, ఒంటితోనే దారి మూయక తప్పదు. స్టిక్‌ను మళ్లీ మామూలుగా పట్టుకున్నప్పుడు బ్లేడ్ ఎప్పుడూ మంచు మీదే ఆనించి ఉంచమంటారు. పొడుగు చేతుల విలువ అప్పుడు తెలుస్తుంది. పాస్ వెళ్లే దారిలో ఆ బ్లేడ్ ఉంటే చాలు, పాస్ ఇచ్చేవాడు మరో దారి వెతుక్కోవాలి. వీటన్నిటికీ మించి, సొంత గోల్ వైపు తిరిగి వస్తూ భుజం మీదుగా వెనక్కి చూసే అలవాటు కావాలి. పక్‌నే చూస్తూ వచ్చేవాడి వెనక ఎదుటి ఆటగాడు ఎప్పుడూ ఖాళీగా దొరుకుతాడు.

భారీ దేహమంటే గుద్దడమే కదా అని కొందరంటారు. ఫిన్లాండ్‌కు చెందిన అలెగ్జాండర్ బార్కోవ్‌ను చూస్తే ఆ మాట నిలవదు. ఆరడుగుల మూడంగుళాల ఈ ఫ్లోరిడా పాంథర్స్ కెప్టెన్ 2018–19లో 96 పాయింట్లు సాధించి, మర్యాదగా ఆడేవారికిచ్చే లేడీ బింగ్ ట్రోఫీ గెలిచాడు. తర్వాతి ఏళ్లలో సెల్కీని మూడుసార్లు అందుకున్నాడు. ఎదుటివాడి స్టిక్‌ను కింది నుంచి ఎత్తి పక్ తీసేసుకోవడం అతని పద్ధతి. పెనాల్టీ పడితే జట్టు రెండు నిమిషాలు ఒకరు తక్కువతో ఆడాలి, కాబట్టి తప్పు చేయకుండా ఆపగలగడం కూడా ఈ విద్యలో భాగమే.

బలమైన అభ్యంతరం వేరే ఉంది. జోర్డన్ స్టాల్‌ను పిట్స్‌బర్గ్ 2006లో రెండో ఎంపికగా తీసుకుంది. ఆరడుగుల నాలుగంగుళాల ఆ కుర్రాడు పద్దెనిమిదేళ్లకే 29 గోల్స్ కొట్టాడు. వాటిలో ఏడు, తన జట్టు ఒకరు తక్కువతో ఆడుతుండగా కొట్టినవి. కొత్త ఆటగాళ్లలో అది రికార్డు. తర్వాత ఏ సీజన్‌లోనూ అతను 29 దాటలేదు. రక్షణ బాధ్యతే అతని దాడిని మింగేసిందనే విమర్శను తేలిగ్గా తీసెయ్యలేం. కానీ అదే జట్టులో అతనికన్నా ముందు వరుసల సెంటర్లుగా క్రాస్బీ, మాల్కిన్ ఉన్నారు. మూడో వరుస సెంటర్‌గా ఆడేవాడికి మేటి జోడీదారులూ, ఎదుటి జట్టులో ఒకరు తక్కువైనప్పుడు ఆడే పవర్ ప్లేలో ఎక్కువ సమయమూ దొరకవు. కొరత అక్కడే వచ్చిందని నేను భావిస్తాను. రక్షణ నేర్పు వల్లే దాడి ఎండిపోతుందంటే లాస్ ఏంజెలెస్‌లో అన్జే కోపిటార్ విషయంలో అలా ఎందుకు జరగలేదు? తన కెరీర్‌లోనే అత్యధికంగా 92 పాయింట్లు సాధించిన 2017–18లోనే అతను సెల్కీ గెలిచాడు. జట్టు అతని చేతికి రెండు పనులూ ఇచ్చింది. స్టాల్ విషయంలోనూ ఆ నేర్పు వృథా కాలేదు. 2009 స్టాన్లీ కప్ ఫైనల్ నాలుగో మ్యాచ్‌లో, పిట్స్‌బర్గ్ ఒకరు తక్కువతో ఆడుతుండగా డెట్రాయిట్‌పై స్కోరు సమం చేసిన గోల్ అతనిదే. ఆ మ్యాచ్ గెలిచారు, ఆ కప్పూ గెలిచారు.

ఆపిన గోల్ స్కోరు పట్టికలో కనిపించదు కాబట్టి కుర్రాడు ఇష్టపడడని కూడా అంటారు. కనిపించేలా చేయడం కోచ్ పని. పాస్ దారి మూసిన ఆ రెండు సెకన్లను వీడియోలో అందరి ముందూ చూపించాలి. ఒక గోల్ ఆధిక్యంతో ఉన్నప్పుడు చివరి నిమిషం అతన్నే ఆడించాలి. పవర్ ప్లేలో చోటూ ఇవ్వాలి. ఇదంతా జూనియర్ స్థాయిలోనే మొదలవ్వాలి. ఒంటారియోలోని పీటర్‌బరో పీట్స్‌లో రోజర్ నీల్సన్ శిక్షణలో గేనీ తయారైంది ఆ వయసులోనే. మూడు దశాబ్దాల తర్వాత స్టాల్ కూడా అదే జట్టు నుంచి వచ్చాడు.