గ్లాసెడు నూనె మీద లారీ

టెక్కలి వైపు నుంచి నీలి గ్రానైట్ దిమ్మలు వేసుకుని హైవే ఎక్కే లారీకి టైరు పేలిందంటే చూడాలి. నిండు లోడు బండి కిందకి ఓ బక్క కుర్రాడు దూరి, జాకీకి రాడ్డు గుచ్చి కొడుతూ ఉంటాడు. బండి లేస్తుంది.

లెక్క ఇదీ. చిన్న పిస్టన్ అడ్డుకొలత 1 సెంటీమీటరు, పెద్దదానిది 5 అనుకుందాం. వైశాల్యం 25 రెట్లు. రాడ్డు మీద 20 కిలోల బలం మోపితే, మీట దాన్ని 20 రెట్లు చేసి చిన్న పిస్టన్‌కి 400 కిలోలుగా అందిస్తుంది. నూనె ఆ ఒత్తిడిని అన్ని వైపులకీ సమానంగా పంచుతుంది కనక పెద్ద పిస్టన్ కింద 10 టన్నులవుతుంది. ఊరికే కాదు లెండి. చిన్నది 2 సెంటీమీటర్లు దిగితే పెద్దది మిల్లీమీటరు కూడా లేవదు. 10 సెంటీమీటర్లు ఎత్తాలంటే 125 సార్లు కొట్టాలి. కుర్రాడి చొక్కా తడిసేది అందుకే.

ఈ సూత్రం చెప్పిన పాస్కల్ పుస్తకం, ఆయన పోయాక, 1663లో అచ్చయింది. జోసెఫ్ బ్రామా లండన్‌లో హైడ్రాలిక్ ప్రెస్సుకి పేటెంటు తీసుకున్నది 1795లో. ఆయన్ని ఏడిపించింది సూత్రం కాదు, పిస్టన్ అంచుల్లోంచి కారే నీళ్ళు. ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్స్‌లీ తోలు వాషరుతో ఆ బెడద తీర్చాడంటారు. ఒత్తిడి పెరిగిన కొద్దీ తోలు అంచు గోడకి ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. కారిపోదామని తోసుకొచ్చే నీళ్ళే తలుపు బిగించేస్తాయన్నమాట! నా మటుకు నాకు పాస్కల్ కన్నా ఈ తోలుముక్కే ముచ్చట.

షెడ్డులో ఓ జాకీ విప్పుతుంటే చూశాను. లోపల రెండు చిన్న ఉక్కు గోళీలు. ఒకటి నూనెని పీల్చుకోనిస్తుంది, రెండోది ఎత్తిన నూనెని వెనక్కి రానివ్వదు. గోళీ కూర్చునే చోట నలుసు పడితే చాలు, లేచిన బండి మెల్లగా దిగిపోతుంది. గాలి చేరితే రాడ్డు మెత్తగా ఆడుతుంది. గాలి నలుగుతుంది, నూనె నలగదు మరి. మేస్త్రీ కొత్త సీలు వేసి, మర వదులు చేసి, కాసేపు ఉత్తినే కొట్టి గాలి తీశాడు.

ఇంత చేసీ, చక్రం విప్పే ముందు ఇరుసు కింద దుంగ పెట్టమన్నాడు. జాకీ బాగైంది కదా అన్నాను.

"బాగైపోనాది బాబూ. అయితే ఏటి? జాకీ ఎత్తడానికి. కింద తల పెట్టాలంటే దుంగుండాల."

తీరా చూస్తే దుంగ దూరడానికి ఎత్తు చాల్లేదు. కుర్రాడు గొణుక్కుంటూ మళ్ళీ రాడ్డు పట్టుకున్నాడు.