ఒక తీసివేతలోని పనితనం

దేశాల బ్యాంకు లెక్కల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ద్రవ్య సర్వే పట్టిక. ఒక పక్క నికర విదేశీ ఆస్తులు, నికర దేశీయ రుణం. రెండో పక్క జనం చేతిలోని నోట్లు, బ్యాంకుల్లోని డిపాజిట్లు, మిగిలిన చిల్లర పద్దులు. రెండు పక్కలూ సరిపోవాలి.

ఇందులో నికర దేశీయ రుణం లెక్క కట్టిన తీరు చూడండి. ముందు కేంద్ర బ్యాంకునూ వాణిజ్య బ్యాంకులనూ ఒకటిగా కలిపేస్తారు. ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ముల మధ్య బదుళ్లు ఇంటి అప్పులోకి రానట్టే, బ్యాంకుల మధ్య బాకీలు కొట్టుకుపోతాయి. తరువాతిది అసలైన నేర్పు. ప్రభుత్వానికి ఇచ్చిన అప్పులోంచి ప్రభుత్వం దాచుకున్న డిపాజిట్లు తీసేస్తారు. ప్రైవేటు అప్పులకు మాత్రం ఆ తీసివేత లేదు. ఎందుకంటే ప్రజల డిపాజిట్లు అప్పటికే రెండో పక్కన డబ్బుగా లెక్కకెక్కాయి, ప్రభుత్వ డిపాజిట్లు ఎక్కలేదు. ఒకే సొమ్ము రెండుసార్లు రాకుండా, ఎక్కడా జారిపోకుండా కట్టిన ఈ కట్టు చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

దీని విలువ భూటాన్‌నూ మాల్దీవులనూ పక్కపక్కన పెట్టినప్పుడు తెలుస్తుంది. రెండింటి జనాభా పది లక్షల లోపే. భూటాన్ న్గుల్ట్రమ్ మన రూపాయికి సరిసమానం. మాల్దీవుల రుఫియాను డాలరుకు ముడివేశారు. కరెన్సీలు వేరు కనుక రెండు మొత్తాలనూ నేరుగా పోల్చకూడదు, ఎవరి జీడీపీతో వారిది భాగించాలి. అలా భాగించాక కూడా పని సగమే అయినట్టు. ఆ అప్పు ఎవరి చేతికి వెళ్లిందన్నది చూడాలి.

భూటాన్‌లో అది ఇళ్లు కట్టుకునేవారికీ వాహనాలు కొనుక్కునేవారికీ వెళ్లింది. నిర్మాణ సామగ్రీ కార్లూ ఎక్కువగా ఇండియా నుంచే రావాలి కనుక రూపాయల నిల్వలు కరిగిపోయాయి. 2012లో అక్కడి కేంద్ర బ్యాంకు రాయల్ మానిటరీ అథారిటీ రూపాయల సరఫరాను కట్టడి చేసి, ఇళ్లకూ వాహనాలకూ అప్పులు ఆపించింది. మాల్దీవుల్లో దారి వేరు. 2004 సునామీ తరువాతి ఏళ్లలో ప్రభుత్వ ఖర్చు పెరిగింది, లోటును కేంద్ర బ్యాంకు పూడ్చింది. తిండిగింజల దగ్గర్నుంచి దాదాపు అన్నీ దిగుమతే అయిన దీవుల్లో ఆ రుఫియాలు డాలర్లను వెతుక్కుంటూ పోయాయి. దాదాపు పదేళ్లు డాలరుకు 12.80 దగ్గర నిలిచిన రేటును 2011 ఏప్రిల్‌లో సడలించక తప్పలేదు. కొద్ది రోజుల్లోనే అది 15.42 దాకా వెళ్లింది.

ఒకచోట ప్రైవేటు వరుస ఉబ్బింది, మరొకచోట ప్రభుత్వ వరుస. అయినా రెండుచోట్లా నొప్పి తేలింది విదేశీ ఆస్తుల వరుసలోనే. మారకం రేటు స్థిరంగా ఉన్న దేశంలో దేశీయ రుణం మితిమీరితే విదేశీ నిల్వలు తరుగుతాయని ఐఎంఎఫ్‌లో పనిచేసిన డచ్ ఆర్థికవేత్త జాక్ పొలాక్ 1957లోనే ఒక వ్యాసంలో చూపించాడు. కంప్యూటర్లు చేతికి అందని రోజుల్లో, ఏ పేద దేశపు కేంద్ర బ్యాంకయినా నింపగలిగే లెక్కలతోనే ఆయన ఆ నమూనా కట్టాడు. అందులోని ఆ పొదుపు నాకు గొప్పగా కనిపిస్తుంది.

రెండు దేశాల కేంద్ర బ్యాంకులూ ఈ పట్టికను నెలనెలా ప్రచురిస్తాయి. తెరిచి చూడండి. మొత్తం దగ్గర ఆగకుండా, ముందు ప్రభుత్వ వరుసా ప్రైవేటు వరుసా విడివిడిగా చదవండి.