పాదం ఎక్కడ విరిగింది?

ఈమధ్య తెలుగు కవిత కార్డు రూపంలోనే ఎక్కువగా కనబడుతోంది. కాన్వాలో ఓ చతురస్రం, వెనకాల మసగ్గా వాన ఫొటో, దానిమీద తెల్లటి అక్షరాలు, ఓ మూల కవి పేరు. చూడ్డానికి బానే ఉంటుంది. చిక్కల్లా చదవబోతేనే. ఐదు మాటల పాదం ఆ పెట్టెలో పట్టకపోతే ఐదో మాట కిందికి జారుతుంది. పాఠకుడు అక్కడ ఆగుతాడు. ఆపింది కవి కాదు, పెట్టె.

వచన కవితకి గణాలూ యతులూ లేవు. ఉన్న కాస్త కొలతా పాదం విరుపే. దాన్ని కూడా టెంప్లేట్‌కి అప్పజెప్పేస్తున్నాం.

ఆ టెంప్లేటేమో ఇంగ్లీషు అక్షరాల కొలతతో తయారైంది. లైన్ల మధ్య దూరం ఇంగ్లీషుకి సరిపోతుంది. మనం 'రాష్ట్రం' అని రాయగానే రెండు వత్తులు కిందికి దిగుతాయి, కింది లైన్లో 'స్త్రీ' గుడిదీర్ఘం పైకి లేస్తుంది, రెండూ ఢీకొంటాయి. పాత ఫొటోషాప్‌లో టైప్ సెట్టింగ్ దక్షిణాసియా లిపులకి మార్చకపోతే ఇంకా ఘోరం, వత్తులు ఊడిపోయి పొల్లులు బయటపడేవి. పెద్ద పెద్ద హోర్డింగుల మీద కూడా చూస్తుంటాం. (ఎవరూ సిగ్గుపడరు, అది వేరే సంగతి.)

బొమ్మ సంగతీ అంతే. బాపు కథకి బొమ్మ వేస్తే చాలాసార్లు శీర్షిక అక్షరాలూ ఆయన చేతివే. అక్షరానికీ గీతకీ ఒకటే వంపు, అందుకే వాటికి తగాదా ఉండదు. పైగా కథ చదివాక వేసిన బొమ్మ అది. స్టాక్ ఫొటో దేన్నీ చదవదు. కవితలో 'వాన' అని కనిపిస్తే వాన తెచ్చి పెడతారు. ఆ వాన ఎవరి జ్ఞాపకమో, ఏ చావు తర్వాతిదో ఫొటోకి అనవసరం.

కార్డుని సమర్థించేవాళ్ల మాటలో నిజం లేకపోలేదు. వెబ్ పేజీలో టెక్స్ట్‌గా పెడితే ఫోన్ సైజుని బట్టి పాదాలు ఎక్కడపడితే అక్కడ మడత పడతాయి, బొమ్మగా చేస్తే కదలవు అంటారు. 1897లో మలార్మే 'పాచికల విసురు' కవితలో మాటల్ని పేజీనిండా వెదజల్లాడు, ఖాళీ కూడా అందులో భాగమే. అలాంటిదాన్ని బొమ్మగా పెడితే నేను కాదనను. కానీ మనం కార్డుల్లో చూసేవన్నీ మలార్మేలా?

మామూలు కవితకి అచ్చువాళ్లు ఎప్పుడో దారి చూపారు: పాదం పట్టకపోతే మిగిలిన ముక్కని కాస్త లోపలికి జరపడం. అది కొత్త పాదం కాదని కంటికి తెలిసిపోతుంది. వెబ్‌లో దీనికి రెండు లైన్ల సీఎస్ఎస్ చాలు. తెరకి తగ్గట్టు ఒదగడం వెబ్ లోపం కాదు, స్వభావం అని జాన్ ఆల్సప్ 2000లోనే వాదించాడు. మనం ఇంకా దాన్ని పోస్టర్ చేద్దామనే చూస్తున్నాం.

బొమ్మగా మారిన కవిత మామూలుగా వెతికితే దొరకదు. చూపులేని పాఠకుడి స్క్రీన్ రీడర్, ఎవరూ ఆల్ట్ టెక్స్ట్ రాయకపోతే, 'ఇమేజ్' అని చెప్పి ముందుకెళ్లిపోతుంది. ఫొటో లేకపోతే షేర్ అవ్వదంటారా, కవితకి పైన పెట్టండి. మధ్యలో నాలుగు వేళ్ల ఖాళీ వదలండి.