మనం చేసింది గుర్తుంచుకునే ఆట

2025 డిసెంబరులో బెల్జియం కంపెనీ లారియన్ స్టూడియోస్ ‘డివినిటీ’ అనే కొత్త ఆటను ప్రకటించింది. ‘ద విచర్’ నాలుగో భాగం తొలి ట్రైలర్ అంతకు ఏడాది ముందే వచ్చింది. ‘ఎల్డర్ స్క్రోల్స్’ ఆరో భాగాన్ని 2018లోనే ప్రకటించారు, ఇంకా రాలేదు. ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేములు ఆడేవాళ్లం ఎక్కడ కలిసినా ఇప్పుడు ఇవే కబుర్లు. సంబరంగానే మొదలుపెడతాం, కాసేపటికే గొంతులో బెంగ వినిపిస్తుంది. బాగా తీస్తారా? ఉన్నదాన్ని పాడు చేస్తారా? మా అరకు కొండల్లో ఉంటూ ఈ ఆటలనే ప్రేమిస్తూ వచ్చినవాణ్ణి కాబట్టి, నా ఆశేమిటో, బెంగేమిటో ఈ వారం చెప్పాలనిపించింది.

తెలియనివారికి ఒక మాట. ఈ ఆటల్లో గెలుపు కంటే పాత్ర ముఖ్యం. మనమే ఒక మనిషిని తయారు చేసుకుంటాం. యోధుడా, మంత్రగాడా, దొంగా అన్నది మన ఇష్టం. దారిలో నలుగురైదుగురు తోడు చేరతారు. వాళ్లకీ సొంత బుద్ధి ఉంటుంది. మన పని నచ్చకపోతే నిలదీస్తారు, మరీ విసిగితే విడిచి వెళ్లిపోతారు. ఎవరిని కాపాడాలి, ఎవరిని ఎదిరించాలి, ఎక్కడ అబద్ధమాడాలి, అన్నీ మన నిర్ణయాలే. దీని పుట్టుక కంప్యూటర్లో జరగలేదు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ దీనికి మూలం. బల్ల చుట్టూ కూర్చుని ఒకరు కథ నడుపుతుంటే, మిగిలినవాళ్లు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతూ పాచికలు వేసే ఆట అది. ఆ నియమాలనే కంప్యూటర్‌కు ఎక్కించి, కెనడా కంపెనీ బయోవేర్ 1998 డిసెంబరులో ‘బాల్డర్స్ గేట్’ తెచ్చింది. అయిదు సీడీల ఆట.

అది క్యాండిల్‌కీప్ అనే కోటలో మొదలవుతుంది. కోట నిండా పుస్తకాలే. మన కథానాయకుడు అక్కడ పెరిగిన అనాథ. యుద్ధాలు తర్వాతి సంగతి, ముందు అందరూ చిన్న చిన్న పనులు చెబుతారు. డ్రెప్పిన్ అనే అతను సాకుతున్న ఆవు పేరు నెస్సా. దానికి ఒంట్లో బాగోలేదు. కాపలావాళ్ల గదిలో హల్ అనేవాడి పెట్టెలో మందుంది, తెచ్చిపెట్టమంటాడు. మా పక్కింటి కుర్రాడికి నా పాత ల్యాప్‌టాప్‌లో ఈ ఆట పెట్టి ఇచ్చాను. అక్కడికొచ్చి ఆగాడు.

“ఏటి మాస్టారూ, ఆవుకి మందేయడం కూడా హీరో పనేనా?”

“చెయ్యకపోయినా కథ నడుస్తుందిరా. చేస్తావో మానేస్తావో నీ ఇష్టం.”

తిన్నగా వెళ్లి మందు పట్టుకొచ్చాడు. పశువు జబ్బు పడితే ఇల్లంతా ఎలా దిగులు పడుతుందో చూసి పెరిగిన పిల్లాడు. ఆవు కోలుకుందని తెలిశాక వాడి మొహం చూడాలి. ఇంకా కత్తి దూయలేదు, ఒక్క శత్రువునూ చూడలేదు, అప్పటికే ఆట వాణ్ణి పట్టేసింది. తన చేతిమీదుగా ఒక పని జరిగిందన్న తృప్తే ఈ ఆటలకు ప్రాణం.

ఇదే ఆటలోని ఇంకో ముచ్చట చెబితే సీక్వెల్ నుంచి మేం ఏం కోరుకుంటామో అర్థమవుతుంది. ఫ్రెండ్లీ ఆర్మ్ అనే సత్రంలో మేడెక్కితే, ఒక దొరగారు మనల్ని నౌకరు అనుకుని తన బంగారు పంట్లాం చేతిలో పెట్టి ఉతికి తెమ్మంటాడు. దాంతో ఆ ఆటలో ఏ ప్రయోజనమూ లేదు. అయినా కొందరు పారేయకుండా దాచుకున్నారు. 2000లో రెండో భాగం వచ్చింది. పాత ఆటలోని మన పాత్రనే కొత్త ఆటలోకి తెచ్చుకునే వీలు పెట్టారు, ఆ పంట్లామూ వెంట వచ్చింది. రెండో భాగంలో వెండిది దొరికింది. 2001లో వచ్చిన ముగింపు ‘థ్రోన్ ఆఫ్ భాల్’లో కంచుది దొరికింది. ఈ మూడింటినీ సెస్పెనార్ అనే బుల్లి భూతానికి ఇస్తే, ఒళ్లంతా కప్పే గట్టి కవచం చేసిపెట్టింది. 1998లో ఊరికే దాచుకున్న పంట్లాం 2001లో కవచమైంది! నవ్వొచ్చే సంగతే, కానీ దాని వెనక పెద్ద మర్యాద ఉంది. నువ్వు చేసింది మేం మరిచిపోలేదని ఆట తయారుచేసినవాళ్లు ఆటగాడికి చెప్పిన మాట అది.

రెండో భాగం కోసం ఎదురుచూడటం తెలుగువాళ్లకు కొత్త కాదు. 2015 జులైలో ‘బాహుబలి’ చూసి బయటికొచ్చిన దగ్గర్నుంచి 2017 ఏప్రిల్ 28 దాకా కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడనే దేశమంతా అడిగింది. కానీ ఆ జవాబు దర్శకుడు రాజమౌళి దగ్గరుంది, మనం వెళ్లి తెలుసుకోవాలి. ఈ ఆటల్లో జవాబు మనమే చెప్పేసి ఉంటాం. ఫలానావాణ్ణి క్షమించాం, ఫలానా ఊరిని వదిలేశాం. తర్వాతి భాగం ఆ జవాబును లెక్కలోకి తీసుకుంటుందా లేదా అన్నదే మా ఆరాటం. అందుకే సినిమా అభిమాని బెంగకంటే ఈ బెంగ కొంచెం లోతైనది.

2019 జూన్‌లో లారియన్ ‘బాల్డర్స్ గేట్ 3’ ప్రకటించినప్పుడు పాత ఆటగాళ్లు చాలామంది గుండెలు చిక్కబట్టుకున్నారు. పాత ఆటల్లో యుద్ధం ఆగకుండా సాగేది, కావాలంటే మనమే ఆపి అందరికీ పనులు పురమాయించేవాళ్లం. కొత్తదాంట్లో ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా కదలాలన్నారు. ఇది మన ఆటే కాదన్నవాళ్లున్నారు. లారియన్ 2020 అక్టోబరులో సగం తయారైన ఆటను అమ్మకానికి పెట్టి, ఆడినవాళ్ల మాటలు వింటూ దాదాపు మూడేళ్లు దిద్దింది. 2023 ఆగస్టు 3న పూర్తి ఆట వచ్చింది. ఆ డిసెంబరులో ‘ద గేమ్ అవార్డ్స్’ ఏడాది మేటి ఆట బహుమతీ దానికే దక్కింది. వంతుల భయం ఆడుతుంటేనే పోయింది. ఆలోచిస్తే 1974 నాటి బల్ల మీద ఆట నడిచిందే వంతుల మీద. కొత్తదనం అనుకున్నది నిజానికి మూలానికి తిరిగి వెళ్లడం. పద్ధతి మారిందని సీక్వెల్‌ను కొట్టిపారేయకూడదని నేను అక్కడే నేర్చుకున్నాను.

కానీ అదే ఆటలో నన్ను బాధపెట్టిందీ ఉంది. వికోనియా పాత ఆటల్లో మనతో నడిచిన ఆమె. చీకటి దేవతను కొలిచే మనిషి. ఓపిగ్గా మాట్లాడి, నమ్మకం సంపాదిస్తే ఆమె మనసు మారేది. సారెవోక్ మొదటి భాగంలో శత్రువు, ‘థ్రోన్ ఆఫ్ భాల్’లో తోడుగా వచ్చేవాడు. అతణ్ణీ మంచిదారికి మళ్లించే వీలుండేది. మూడో భాగంలో వాళ్లిద్దరూ కనిపిస్తారు. పాత చీకట్లోనే, మారని మనుషులుగా. మనం చేసిన ప్రయత్నం అసలు జరగనే లేదన్నట్టు! పాత ఆటల్లో తోడొచ్చిన మిన్స్క్, జహీరా తిరిగి కలిసినప్పుడు కలిగిన ఆనందంలో సగం అక్కడ పోయింది. 

ఇంకా పెద్ద దెబ్బ ‘డ్రాగన్ ఏజ్’ అభిమానులకు తగిలింది. 2009, 2011, 2014లలో వచ్చిన మూడు ఆటల్లోనూ ఒకదాని నిర్ణయాలు మరోదానికి చేరేవి. వాటిని దాచుకోవడానికి 2014లో ‘డ్రాగన్ ఏజ్ కీప్’ అని ప్రత్యేకంగా ఒక సైటే పెట్టారు. పదేళ్లు ఆగాక, 2024 అక్టోబరు 31న ‘ద వీల్‌గార్డ్’ వచ్చింది. పాత కథలోంచి అది అడిగింది మూడే మూడు నిర్ణయాలు. ఆట చూడ్డానికి అందంగా ఉంది, పోరాటాలు చురుగ్గా ఉన్నాయి. అయినా దాన్ని సొంతం చేసుకోలేకపోయినవాళ్లను నేను తప్పుపట్టను. ఆశించినంతమంది ఆడలేదని దాన్ని విడుదల చేసిన కంపెనీయే చెప్పుకోవాల్సి వచ్చింది.

తయారీదార్ల వైపు వాదన కూడా వినాలి. పాత ఆటలు ఆడనివాళ్లకు ఇదంతా అర్థమవుతుందా అంటారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు మా థింసా నృత్యంలో ఉంది. డప్పు, తుడుము మోగుతుంటే ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు చేతులు పెనవేసుకుని వరసగా ఆడతారు. భాగ్ థింసా అయితే పులి మీద పడినప్పుడు తప్పించుకోవడాన్నే ఆడి చూపిస్తారు. ఇదీ పాత్రలోకి వెళ్లే ఆటే. కొత్తపిల్ల చేరితే ఆమె కోసం అడుగు మార్చరు. పక్కన అడుగు తెలిసినామె చెయ్యి అందిస్తుంది, చూస్తూ చూస్తూ ఆ పిల్లకీ అడుగు పడుతుంది. ఆటలూ అలాగే చెయ్యాలి. కొత్తవాళ్లకు చెయ్యి అందించాలి, పాతవాళ్ల అడుగు చెరిపెయ్యకూడదు. 

ఇక కొండమీద వాళ్లకే ఉన్న బెంగ ఒకటి. ‘బాల్డర్స్ గేట్ 3’ కావాలంటే కంప్యూటర్‌లో 150 జీబీ చోటుండాలి. రోజుకు ఒకటిన్నర జీబీ ఇచ్చే ఫోన్ ప్యాకే దిక్కైనవాడు, మరే పనికీ వాడకుండా దాచినా, దించుకోవడానికి నూరు రోజుల దాకా పడుతుంది. వానాకాలం గాలివాన కొడితే కరెంటూ పోతుంది, సిగ్నలూ పోతుంది. ఇక్కడి కుర్రాళ్లకు తెలిసిన ఉపాయం ఒకటే. ఘాట్ రోడ్డు దిగి విశాఖలో స్నేహితుడి గదిలో హార్డ్‌డిస్క్ నింపుకుని రావడం. తర్వాతి ఆటలు ఇంకా బరువెక్కితే ఆ దారీ కష్టమవుతుంది. పాత ‘బాల్డర్స్ గేట్’నైతే 2012లో మెరుగుపరిచి మళ్లీ తెచ్చారు, తర్వాత ఫోన్లలోకీ వచ్చింది. మామూలు ల్యాప్‌టాప్ ఉన్నా చాలు. పేరున్న ఆటకు తర్వాతి భాగం తీసేవాళ్లు ఖరీదైన యంత్రాలున్న ఊళ్లనే కాక, ఇలాంటి ఊళ్లనూ తలుచుకోవాలి.

భాష సంగతీ అంతే. మూడో భాగం చైనీస్, పోలిష్, టర్కిష్ భాషల్లో కూడా దొరుకుతుంది. తెలుగులో లేదు. ఈ ఆటలన్నీ మాటల మీద నడిచేవి. నేను పక్కన కూర్చుని అర్థం చెప్పకపోతే మా పక్కింటి కుర్రాడు వికోనియాతో మాట్లాడలేడు. మాటే అందనివాడికి నిర్ణయం ఎలా అందుతుంది?

అయితే మనం చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. 2023 జనవరిలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ హక్కుదారు విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ ఆ ఆట నియమాలను ఇతరులు వాడుకునే అనుమతుల నిబంధనలు బిగించబోతే, ఆడేవాళ్లంతా ఒక్కటై ఎదురు తిరిగారు. కంపెనీ వెనక్కి తగ్గింది. అంతటితో ఆగక, మూల నియమాల పత్రాన్ని క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ వదిలేసింది. మూలం ఎవరిదో చెబితే చాలు, దాన్ని ఎవరైనా తమ భాషలోకి తెచ్చుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. అభిమానుల ఆశకూ కోపానికీ ఎంత బలముందో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కాబట్టి ఆటలు తీసేవాళ్లకు నా మాట ఒక్కటే. బొమ్మలు మార్చండి, యుద్ధం తీరు మార్చండి, కొత్త మనుషుల్ని తీసుకురండి. మేం చేసిన నిర్ణయాన్ని మాత్రం జరగనట్టు చేయకండి. ఇక చదివేవారికి. ఇంగ్లిషు, తెలుగు రెండూ బాగా వచ్చిన కుర్రాళ్లు ఏ కాలేజీలోనైనా నలుగురుంటారు. ఆ నియమాల పత్రాన్ని తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టండి. క్యాండిల్‌కీప్ బదులు బొర్రా గుహల దగ్గర కథ మొదలుపెట్టండి, మొదటి పనిగా ఎవరి ఆవుకో మందు తెప్పించండి. కాగితాలు, పాచికలు, నలుగురు మనుషులు ఉంటే చాలు. దీనికి కరెంటు అక్కర్లేదు, సిగ్నల్ అక్కర్లేదు, ఏ కంపెనీ ప్రకటన కోసమూ ఎదురుచూడక్కర్లేదు.