అక్షరం మధ్యలో చీలిన కొమ్మ

చీరాల పిన్‌కోడు 523155, బాపట్లది 522101. 2022 ఏప్రిల్‌లో రెండూ బాపట్ల జిల్లాలోకి చేరాయి గానీ, పిన్‌కోడులు మాత్రం పాత దారిలోనే నడుస్తున్నాయి. శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపొందించిన ఈ పద్ధతి 1972 ఆగస్టు 15న అమల్లోకి వచ్చింది. అప్పటికి ఒంగోలు జిల్లా (నేటి ప్రకాశం) పుట్టి రెండేళ్లే. మొదటి అంకె 5 అంటే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకల వైపు. మూడంకెలు చదివితే 522 గుంటూరు దారి, 523 ప్రకాశం దారి. దూరాన సార్టింగ్ చేసేవారికి మిగిలిన మూడంకెలతో పనిలేదు.

వెబ్ సర్వర్‌లో ఈ సార్టింగ్ చేసేది రౌటర్. వచ్చిన చిరునామాకు ఏ ఫంక్షన్ జవాబు చెప్పాలో అది తేల్చాలి. నాసిరకం రౌటర్ జాబితా పట్టుకుని పైనుంచి ఒక్కొక్కటే పోల్చుకుంటూ పోతుంది. 500 దారులుంటే చివరిదాని వంతు వచ్చేసరికి 500 పోలికలు. గో భాషలో జూలియన్ ష్మిట్ రాసిన హెచ్‌టీటీపీరౌటర్ అలా కాదు, దారులన్నిటినీ ర్యాడిక్స్ చెట్టుగా అల్లుకుంటుంది. బాగా వాడుకలో ఉన్న జిన్ ఫ్రేమ్‌వర్క్ ఈ చెట్టునే తీసుకుని మార్చుకుంది. చెట్టంతా కొన్ని వందల వరుసల ఫైలే గానీ, నింపాదిగా చదవాల్సిన ఫైలు.

మార్కెట్ ధరలు చెప్పే సైటు ఒకటి ఊహించుకుందాం. అందులో ‘/ధరలు/మిర్చి’, ‘/ధరలు/పత్తి’ అని రెండు దారులు. ఉమ్మడి భాగాన్ని చెట్టు ఒక్కసారే దాచుకుంటుంది. కొమ్మ చీలేది ‘ధరలు/’ దగ్గర అనుకుంటాం, కానీ కాదు. ఈ చెట్టు చదివేది అక్షరాలను కాదు, బైట్లను. ‘మ’ అంటే 224, 176, 174. ‘ప’ అంటే 224, 176, 170. మొదటి రెండు బైట్లూ ఒకటే కాబట్టి అవి కూడా ఉమ్మడి కాండంలోకే పోతాయి. మిర్చీ పత్తీ వేరుపడేది మూడో బైటు దగ్గర, అంటే అక్షరం నడిమధ్యన! తెలుగువాడికి ఇది కాస్త చివుక్కుమనిపించినా, లెక్క మాత్రం ఎక్కడా తప్పదు.

చీలిన చోట ఏ కొమ్మ ఎక్కాలో తేల్చే తీరు నాకు మరీ నచ్చింది. ప్రతి కణుపూ తన పిల్లల మొదటి బైట్లను ఒక చిన్న స్ట్రింగ్‌లో రాసిపెట్టుకుంటుంది. పిల్లల గడప తొక్కకుండానే ఎవరింటికి వెళ్లాలో తెలిసిపోతుంది. ఆ స్ట్రింగ్‌లో వరస కూడా ఊరికే రాలేదు. ‘/ధరలు/పసుపు’ చేర్చామంటే ‘ప’ కొమ్మ కింద రెండు దారులవుతాయి, అది మిర్చిని దాటి ముందుకొస్తుంది. మిర్చి కింద తేజ, బ్యాడిగి చేర్చగానే మూడు దారులతో మిర్చి మళ్లీ ముందుకు దూకుతుంది. ఎక్కువ దారులున్న కొమ్మనే ముందు చూడాలన్నది సూత్రం. సర్వర్ మొదలయ్యేటప్పుడే ఈ సర్దుబాటంతా అయిపోతుంది.

హెచ్‌టీటీపీరౌటర్ పట్టుదల కూడా గట్టిదే. రకాలన్నిటికీ కలిపి ‘/ధరలు/మిర్చి/:రకం’ అని ఒకే దారి పెట్టి, ఆ పక్కనే ‘/ధరలు/మిర్చి/నిల్వలు’ పెట్టబోతే ఒప్పుకోదు. ‘నిల్వలు’ అనేది కూడా ఒక రకం పేరేమో అన్న సందేహానికి చోటివ్వకుండా, మొదలయ్యేటప్పుడే ప్యానిక్ అయి ఆగిపోతుంది. ఇది మరీ మొండితనమని విసుక్కునేవాళ్లున్నారు. రెండు దారులకు సరిపోయే చిరునామా ఏదో అర్ధరాత్రి వచ్చి తికమక పెట్టడం కన్నా ఇదే మేలని నా అభిప్రాయం.

దారి దొరకనప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దబడి, చిన్నబడి తేడా వదిలేసి ఇంకోసారి వెతికే ఫంక్షన్ కూడా ఇందులో ఉంది. తెలుగులో ఆ తేడానే లేదు. అయినా అక్షరం మధ్యలో చీలిన కొమ్మ ఎదురైతే ఆ ఫంక్షన్ మూడు బైట్ల దాకా వెనక్కి నడిచి, అక్షరం ఎక్కడ మొదలైందో చూసుకుంటుంది. దాన్ని నాలుగు బైట్ల చిన్న బఫర్‌లో పెట్టుకుని, ఎన్ని కొమ్మలు మారినా మిగతా ముక్కను చేతబట్టుకునే ముందుకు సాగుతుంది.